కంప్యూటర్ మనల్ని అడిగే క్షణం

అందరికీ నమస్కారం.

ఇవాళ మాట్లాడమని నాకిచ్చిన విషయం సొంత కంప్యూటర్‌ను వైరస్‌ల నుంచి, మనకు తెలియకుండా మనల్ని గమనించే స్పైవేర్ నుంచి కాపాడుకోవడం. ఈ మాట ఎత్తగానే ఎవరైనా మొదట అడిగేది "ఏ యాంటీవైరస్ వేసుకోమంటారు?" అని. దానికి జవాబు చెబుతాను, అది చిన్నదే. అంతకంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. ఇళ్లలో వాడే కంప్యూటర్లలోకి వచ్చే చెడ్డ ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం వాటంతట అవి చొరబడవు. ఎక్కడో ఒకచోట మనల్ని అడుగుతాయి. ఈ ఫైలు తెరవమంటాయి, ఆ బటన్ నొక్కమంటాయి, ఏదో కాపీ చేసి పేస్ట్ చేయమంటాయి. మనం వేరే ధ్యాసలో ఉండి ఆ పని చేసేస్తాం. అలా అడిగినప్పుడు చేయి ఆపి "ఇది నా చేత ఏం చేయిస్తోంది?" అని చూసుకోగలిగితే ప్రమాదం చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఈ పూట నేను చెప్పేదంతా ఆ క్షణం గురించే.

2000 సంవత్సరం మే 4న మొదలైన ఒక ఈమెయిల్ సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. సబ్జెక్ట్ "ఐ లవ్ యూ". దానికి అంటించిన ఫైలు పేరు "లవ్ లెటర్ ఫర్ యూ డాట్ టీఎక్స్‌టీ" అని కనిపించేది. టీఎక్స్‌టీ అంటే మామూలు రాత ఫైలు, తెరిస్తే ఏమీ కాదు. అయితే అసలు పేరు అక్కడితో అయిపోలేదు. చివర "డాట్ వీబీఎస్" అని ఇంకో ముక్క ఉంది. అంటే అది ఉత్తరం కాదు, ప్రోగ్రాం. విండోస్ ఆ చివరి ముక్కను దాచి చూపించేది. తెరిచిన మరుక్షణం అది అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లో ఉన్న వాళ్లందరికీ తన కాపీని పంపింది, కంప్యూటర్లో ఉన్న ఫొటోల మీద తనను తాను రాసేసుకుంది, పాస్‌వర్డ్‌లు దొంగిలించే మరో ప్రోగ్రాంను దించుకోవడానికి కూడా ప్రయత్నించింది. బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ తన ఈమెయిల్‌ను కాసేపు ఆపుకోవాల్సి వచ్చింది. దాన్ని రాసిన విద్యార్థి ఫిలిప్పీన్స్‌లో దొరికాడు గానీ, అలాంటి పనిని నేరమని చెప్పే చట్టం అప్పటికి ఆ దేశంలో లేకపోవడంతో కేసు నిలబడలేదు.

ఇంత పాత కథ ఎందుకు చెబుతున్నానంటే, ఫైలు పేరులో ఆ చివరి ముక్కను విండోస్ ఇప్పటికీ దాచే ఉంచుతుంది. విండోస్ 11లో కూడా అంతే. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, పైన వ్యూ, అందులో షో, అందులో "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. ఇకమీదట ఎవరైనా "బిల్లు డాట్ పీడీఎఫ్" అని పంపినప్పుడు దాని తోక "డాట్ ఈఎక్స్ఈ" అయితే మీకు కనిపిస్తుంది. పీడీఎఫ్ బొమ్మ చూసి నమ్మకండి. ప్రోగ్రాం తయారుచేసేవాడు దానికి ఏ బొమ్మనైనా తగిలించగలడు. తోకను మాత్రం మార్చలేడు, మారిస్తే అది నడవదు. ఈఎక్స్ఈ, ఎంఎస్ఐ, వీబీఎస్, జేఎస్, బ్యాట్, ఎస్‌సీఆర్ అనే తోకలున్నవన్నీ నడిచేవే. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లలో "ఎనేబుల్ కంటెంట్" నొక్కమని అడిగేవి కూడా ఈ కోవలోవే. ఆ బటన్ నొక్కితే లోపల దాగి ఉన్న మ్యాక్రో, అంటే చిన్న ప్రోగ్రాం, నడుస్తుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను మనం చెప్పకుండానే ఆపేసి ఉంచడం మైక్రోసాఫ్ట్ 2022లో మొదలుపెట్టింది. చాలా మంచి పని చేసింది.

అప్పట్లో వైరస్ రాసేవాళ్లలో చాలామందికి పేరు మీద, అల్లరి మీద మోజు. ఇప్పుడిది వ్యాపారం. అందుకే లక్షణాలు కూడా మారాయి. "నా సిస్టమ్ స్లో కాలేదు, ఏ బొమ్మా రావడం లేదు, కాబట్టి వైరస్ లేదు" అనే లెక్క ఇప్పుడు పనికిరాదు. ఇవాళ ఇళ్లలోని కంప్యూటర్లకు పెద్ద బెడద ఇన్ఫోస్టీలర్లు. పేరులోనే ఉంది, సమాచారం దొంగిలించేవి. వీటికి మీ కంప్యూటర్లో కాపురం ఉండాల్సిన పని లేదు. ఒక్కసారి నడిస్తే చాలు. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కార్డు వివరాలు, క్రిప్టో వాలెట్ ఫైళ్లు అన్నీ మూటగట్టి బయటికి పంపేస్తాయి. చాలాసార్లు ఆ వెంటనే తమను తాము చెరిపేసుకుంటాయి. మర్నాడు మీరు స్కాన్ చేస్తే ఏమీ దొరకదు.

పాస్‌వర్డ్ పోతే ఏముంది, నాకు ఓటీపీ ఉంది కదా అనుకుంటారు. ఇక్కడ కాస్త ఆగి అర్థం చేసుకోవాలి. మీరు ఈమెయిల్లోకి పాస్‌వర్డ్ కొట్టి, ఓటీపీ ఇచ్చి లాగిన్ అయ్యారు. మర్నాడు బ్రౌజర్ తెరిస్తే మళ్లీ అడగదు. ఎందుకని? మొదటిసారి లాగిన్ అయినప్పుడే ఆ సైటు మీ బ్రౌజర్ చేతికి ఒక గుర్తు ఇచ్చింది. దాన్ని సెషన్ కుకీ అంటారు. సినిమా హాల్లో టికెట్ సగం చింపి మన చేతికిస్తారే, ఇంటర్వెల్లో బయటికి వెళ్లినా ఆ ముక్క చూపిస్తే లోపలికి పంపుతారు, మళ్లీ డబ్బు అడగరు. ఇదీ అలాంటిదే. ఇన్ఫోస్టీలర్ ఆ ముక్కను ఎత్తుకెళ్తుంది. దొంగ దాన్ని తన బ్రౌజర్లో పెట్టుకుంటే చాలు, సైటుకు అతనే మీరు. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. యూట్యూబ్ చానళ్లు, సోషల్ మీడియా ఖాతాలు రాత్రికి రాత్రి వేరేవాళ్ల చేతుల్లోకి పోయాయని వింటుంటాం. వాటిలో చాలా వాటి వెనక ఉన్నది ఇదే. ఓటీపీ వద్దని నేను చెప్పడం లేదు. అది తప్పకుండా ఉండాలి. కానీ కంప్యూటర్లో నడిచే దొంగను అది ఆపలేదు. లుమ్మా అనే ఇన్ఫోస్టీలర్ ఒక్కటే 2025 మార్చి, మే నెలల మధ్య 3,94,000 విండోస్ కంప్యూటర్లకు సోకినట్టు గుర్తించామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అదే మే నెలలో కొన్ని దేశాల పోలీసు సంస్థలతో కలిసి దాని సర్వర్లను దెబ్బతీసింది. ఇలాంటివి ఒకటి పోతే ఇంకొకటి వస్తూనే ఉంటాయి.

ఇవి వచ్చే దారుల్లో ఒకటి చాలామందికి తెలియదు, అందుకే వివరంగా చెబుతాను. ఏదో వెబ్‌సైట్ తెరుస్తారు. "మీరు మనిషేనని నిరూపించుకోండి" అని ఒక పెట్టె వస్తుంది. రోజూ చూసేదే కాబట్టి నొక్కుతారు. అప్పుడు మూడు మెట్లు చూపిస్తుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వీ నొక్కండి, తర్వాత ఎంటర్ కొట్టండి అని. మీరు పెట్టెను నొక్కినప్పుడే ఆ పేజీ మీకు తెలియకుండా ఒక కమాండ్‌ను మీ క్లిప్‌బోర్డులోకి, అంటే కాపీ చేసింది దాచుకునే చోటికి, ఎక్కించి ఉంచింది. విండోస్, ఆర్ నొక్కితే రన్ అనే చిన్న కిటికీ తెరుచుకుంటుంది. కంట్రోల్, వీ నొక్కితే ఆ కమాండ్ అందులో పడుతుంది. ఎంటర్ కొడితే మీ చేతులతో మీరే దొంగను పిలిచినట్టు. ఫైలు ఏదీ డౌన్‌లోడ్ చేయలేదు కాబట్టి బ్రౌజర్ హెచ్చరించే అవకాశం కూడా తక్కువ. దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. మ్యాక్‌లో అయితే టెర్మినల్ తెరిచి పేస్ట్ చేయమంటారు. ఈ ఒక్క మాట ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు అందరికీ చెప్పండి. మనిషినని నిరూపించుకోవడానికి బొమ్మలు గుర్తుపట్టమనే పరీక్ష ఉండొచ్చు, అంతేగానీ రన్ కిటికీలో ఏదీ పేస్ట్ చేయమని ఏ నిజమైన సైటూ అడగదు. ఒక్కటీ అడగదు.

రెండో దారి క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. డబ్బు లేక క్రాక్ వాడేవాళ్లను నేను తిట్టడానికి రాలేదు. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థుల ఇబ్బంది నాకు తెలుసు. కానీ క్రాక్‌తో పాటు వచ్చే సూచనల్లో మొదటి లైను ఏముంటుందో గమనించారా? "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి." కాపలా తీసేయమని అడిగి మరీ లోపలికి వస్తున్న ప్రోగ్రాంను నమ్మడానికి మన దగ్గర ఏ ఆధారమూ ఉండదు. గేమ్ చీట్‌లు, దొంగ లైసెన్సు నంబర్లు తయారుచేసే కీజెన్‌లు అన్నీ ఇంతే. ఆఫీసు పనికి లిబ్రే ఆఫీస్, ఫొటోలకు జింప్, డ్రాయింగ్‌కు ఇంక్‌స్కేప్ ఉన్నాయి. ఉచితం, చట్టబద్ధం. కొత్తగా నేర్చుకోవాలి, నిజమే. నాలుగు రోజులు చిరాకుగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికేటప్పుడు ఇంకో జాగ్రత్త. సెర్చ్‌లో అన్నిటికంటే పైన "స్పాన్సర్డ్" అని వచ్చేవి ప్రకటనలు. అసలు సైటును అచ్చు గుద్దినట్టు తయారుచేసి, డబ్బు కట్టి ప్రకటన వేసుకున్న మోసగాళ్లు చాలామంది ఉన్నారు. ప్రకటనను దాటి కిందికి రండి, అడ్రస్‌లో అక్షరాలు సరిచూసుకోండి.

బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్‌ల సంగతి కూడా చెప్పాలి. వేసుకునేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి" అని అడుగుతుంది. చదవకుండా సరే అనేస్తాం. దాని అర్థం మీ ఈమెయిల్, మీ బ్యాంకు పేజీ అన్నీ అది చూడగలదనే. వేసుకున్నరోజు మంచిదైనా తర్వాత చేతులు మారొచ్చు. ది గ్రేట్ సస్పెండర్ అనే పేరున్న ఎక్స్‌టెన్షన్‌ను దాని యజమాని 2020లో వేరేవాళ్లకు అమ్మేశాడు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్, అంటే చెడ్డ ప్రోగ్రాం, ఉందన్న కారణంగా తీసేసింది. అప్పటిదాకా లక్షలమంది దాన్ని వాడుతూనే ఉన్నారు. వాడనివి తీసేయండి.

ఇంతవరకు అడిగి వచ్చేవాటి గురించి చెప్పాను. అడగకుండా వచ్చేవీ ఉన్నాయి, వాటికి మందు అప్‌డేట్. 2017 మే 12న వానాక్రై వచ్చింది. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేకుండా నెట్‌వర్క్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకుతూ, ఫైళ్లన్నీ తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. మార్కస్ హచిన్స్ అనే యువకుడు ఆ ప్రోగ్రాంలో కనిపించిన ఒక వెబ్ అడ్రస్‌ను తన పేర రిజిస్టర్ చేసుకోవడంతో దాని వ్యాప్తి ఆగింది. మన గుండె కలుక్కుమనే విషయం ఏంటంటే, అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్ మార్చి 14నే విడుదలైంది. అప్పటికి సపోర్ట్ ఉన్న విండోస్‌లకు దాదాపు రెండు నెలలు అది అందుబాటులో ఉంది. అంతకుముందు 2003లో బ్లాస్టర్ కథా ఇదే. జులై 16న అప్‌డేట్ వచ్చింది, ఆగస్టు 11న వైరస్ వచ్చింది. అప్‌డేట్ విడుదలయ్యాక, వేసుకోనివాళ్లకు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఎందుకంటే పాత ఫైలునూ కొత్త ఫైలునూ పక్కపక్కన పెట్టి ఏం మార్చారో చూస్తే లోపం ఎక్కడుందో దొంగలకు తెలిసిపోతుంది. "తర్వాత గుర్తు చేయి" అని మనం నొక్కే ప్రతిసారీ వాళ్లకు కొంత సమయం ఇస్తున్నాం.

బ్రౌజర్ విషయంలో చాలామంది ఒకటి గమనించరు. అది అప్‌డేట్‌ను తనే దించుకుంటుంది గానీ, మూసి మళ్లీ తెరిస్తేనే అది అమల్లోకి వస్తుంది. ఇరవై ట్యాబులు తెరిచి వారాల తరబడి మూయకుండా ఉంచేవాళ్లు పాత బ్రౌజర్‌తోనే తిరుగుతుంటారు. పై మూలలో "రీలాంచ్" అని కనిపిస్తే వెంటనే నొక్కండి.

అప్‌డేట్‌లోనే వైరస్ వచ్చిన ఉదంతాలు లేవా అంటే ఉన్నాయి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అలాగే, యుక్రెయిన్‌లో వాడే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దారిన వచ్చింది. అయినా నా సలహా మారదు. అప్‌డేట్ చేయక చెడిన కంప్యూటర్ల ముందు చేసి చెడినవి చాలా తక్కువ.

ఇప్పుడు యాంటీవైరస్. విండోస్‌లో డిఫెండర్ దాంతోపాటే వస్తుంది. ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు అది సరిపోతుందని నా అభిప్రాయం. ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, డిఫెండర్‌ను ఇతర ప్రోగ్రాములు ఆపేయకుండా చూసే ట్యాంపర్ ప్రొటెక్షన్ కూడా ఆన్‌లో ఉంచండి. విండోస్ సెక్యూరిటీలో "పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్" అని ఉంటుంది, అదీ ఆన్ చేయండి. అక్కర్లేని టూల్‌బార్లు, ప్రకటనలు గుప్పించే యాడ్‌వేర్ చాలావరకు ఆగుతాయి. డబ్బు పెట్టి వేరేది కొనుక్కుంటే తప్పులేదు. కానీ రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపొద్దు, ఒకదానికొకటి అడ్డం తగులుతాయి. ఏ యాంటీవైరస్ అయినా అన్నిటినీ పట్టలేదని కూడా తెలిసి ఉండాలి. ఏ ప్రోగ్రాం ఇచ్చినా అది వైరసో కాదో తప్పకుండా తేల్చగల పద్ధతి ఉండడం అసాధ్యమని 1980లలోనే ఫ్రెడ్ కోహెన్ అనే శాస్త్రవేత్త గణితంతో చూపించాడు. యాంటీవైరస్ మన జాగ్రత్తకు తోడు మాత్రమే.

రోజూ పని చేసుకునే ఖాతా అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా చూసుకోండి. అడ్మిన్ ఖాతా ఒకటి విడిగా పెట్టి, మామూలు పనికి స్టాండర్డ్ ఖాతా వాడితే, ఏదైనా ప్రోగ్రాం సిస్టమ్‌లో లోతుగా మార్పులు చేయబోయినప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరేమీ ఇన్‌స్టాల్ చేయకుండానే అది అడిగిందంటే "నో" నొక్కేయండి. పిల్లలకు తప్పనిసరిగా స్టాండర్డ్ ఖాతానే ఇవ్వండి.

బ్యాకప్ గురించి ఒక్క మాట. వానాక్రై లాగా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేవాటిని ర్యాన్సమ్‌వేర్ అంటారు. అది తాళం వేసిన ఫైళ్లు చాలాసార్లు తిరిగి రావు, డబ్బు కట్టినా గ్యారంటీ లేదు. 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి మొదలుపెట్టిన "నో మోర్ ర్యాన్సమ్" సైట్లో కొన్ని రకాలకు ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. డబ్బు కట్టే ఆలోచన వచ్చే ముందు అక్కడ చూడండి. అసలు రక్షణ మాత్రం విడిగా ఉన్న కాపీయే. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేశాక తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. క్లౌడ్‌లో సింక్ అవుతోంది కదా అని ధీమాగా ఉండొద్దు, ఇక్కడ చెడిన ఫైలు అక్కడికీ సింక్ అవుతుంది.

స్పైవేర్‌లో మనసు కష్టపెట్టే రకం ఒకటుంది. మన కంప్యూటర్ దగ్గరికి రాగలిగిన మనిషే మనకు తెలియకుండా దాన్ని వేయడం. సీటు వదిలి లేచినప్పుడు విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కి లాక్ చేయడం దీనికి మొదటి జాగ్రత్త. దగ్గరివాళ్లే గమనిస్తున్నారని అనుమానం వచ్చి, వాళ్లంటే మీకు భయం కూడా ఉంటే, ఆ కంప్యూటర్లో దాన్ని వెతకడం, తీసేయడం వెంటనే మొదలుపెట్టకండి. తీసేస్తే వాళ్లకు తెలిసిపోతుంది. వాళ్ల చేతికి అందని వేరే ఫోను నుంచి నమ్మకమైనవాళ్లతో ముందు మాట్లాడండి.

అన్నీ చూసుకున్నా ఏదో నొక్కేశాం, అనుమానంగా ఉంది, అప్పుడేం చేయాలి? టెన్షన్‌లో అందరూ చేసే పని ఆ కంప్యూటర్లోనే కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చడం. అది చేయకండి. మీరు నొక్కే ప్రతి కీనీ రాసుకునే కీలాగర్ ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా పోతుంది. ముందు వైఫై ఆపండి, కేబుల్ ఉంటే తీసేయండి. వేరే ఫోను నుంచి గానీ కంప్యూటర్ నుంచి గానీ మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. మిగతా ఖాతాలన్నిటినీ రీసెట్ చేసుకునేది దాని ద్వారానే కాబట్టి అది ముందు. మార్చాక "అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్" అనేది తప్పకుండా నొక్కండి. ఇందాక చెప్పిన కుకీ అప్పుడే చెల్లకుండా పోతుంది. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. కంప్యూటర్‌ను డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌తో చూడొచ్చు. కానీ ఇన్ఫోస్టీలర్ నడిచిందని గట్టి అనుమానం ఉంటే నేనైతే ఫైళ్లు బ్యాకప్ తీసి విండోస్‌ను మళ్లీ కొత్తగా వేయమంటాను. ఇంట్లో ఎవరి చేతిలోనైనా ఇలా జరిగితే దయచేసి కేకలు వేయకండి. తిడతారనే భయంతో రెండు రోజులు దాచిపెడితే ఆ రెండు రోజులూ దొంగకు కలిసొస్తాయి.

ఇక మీ ప్రశ్నలు.

(సభలో ఒకరు: సార్, స్క్రీన్ నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, సైరన్ మోగి, ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటుంది. అప్పుడేం చేయాలి?)

అది మీ కంప్యూటర్లో వైరస్ కాదండీ, ఒక వెబ్ పేజీ, అంతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ను ఎండ్ చేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అంటే వద్దనండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. పొరపాటున ఫోన్ చేస్తే వాళ్లు దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటిది వేయమంటారు. అది మంచి సాఫ్ట్‌వేరే, కానీ దాంతో మీ కంప్యూటర్ మొత్తం వాళ్ల చేతికి పోతుంది.

(మరొకరు: మ్యాక్‌కు వైరస్ రాదంటారు కదండీ?)

తక్కువ, రాకపోవడం కాదమ్మా. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనేది జావాలో ఉన్న లోపం ద్వారా దాదాపు ఆరు లక్షల మ్యాక్‌లకు సోకింది. ఇప్పుడు ఇన్ఫోస్టీలర్లు మ్యాక్‌కూ వస్తున్నాయి. అప్‌డేట్, పేస్ట్ చేయమంటే ఆగడం, ఇవన్నీ అక్కడా అంతే.

(ఇంకొకరు: నా కంప్యూటర్ పాతది, విండోస్ 10. విండోస్ 11 ఎక్కదంటోంది. పారేయాలా?)

పారేయక్కర్లేదండీ. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నమోదు చేసుకున్న ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అప్‌డేట్‌లు ఆగిపోయిన సిస్టమ్‌ను మాత్రం ఇంటర్నెట్‌కు కలిపి వాడొద్దు, ముఖ్యంగా బ్యాంకు పనికి. బ్రౌజర్, వీడియోలు, రాతపని వరకే అయితే విండోస్ బదులు వాడుకోగల ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ వేసి చూడండి, పాత కంప్యూటర్ల మీద బాగా నడుస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండానే ముందు నడిపి చూడొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అన్నీ అప్పుడే తెలిసిపోతాయి. నచ్చితే మీ ఫైళ్లన్నీ బయట డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ కాపీ తెరుచుకుంటోందని వేరే కంప్యూటర్లో ఒకసారి చూసుకున్నాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి.